పాత వైన్, పాత విస్కీ కొనేవాళ్ళకు జాగ్రత్త: లేబుల్ మీద ఏడాది చూసి డబ్బు కట్టకండి

ఇంగ్లండ్‌లో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు "పాత ఇంటి సెల్లార్ సరుకు" అని పెట్టిన రెండు సీసాలు కొన్నాం. ఒకటి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 1970 ఎర్ర వైన్, రెండోది "1960ల నాటి" బ్లెండెడ్ స్కాచ్ (రకరకాల విస్కీలు కలిపి చేసే స్కాట్లాండ్ విస్కీ). రెండూ మోసమే. వైన్ చచ్చిపోయింది, విస్కీకి చెప్పిన వయసు లేదు. అమ్మకందారు పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్ళీ అమ్మడం వాళ్ళకి నిమిషం పని, అందుకే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. నాన్నగారి షష్టిపూర్తికి ఆయన పుట్టిన ఏడాది సీసా తేవాలని బ్రిటన్‌లో, అమెరికాలో వెతుకుతున్న మనవాళ్ళు దీన్ని ఓపిగ్గా చదవండి.

ముందు వైన్ సీసా సంగతి. అమ్మకం ఫొటోలో లేబుల్ దగ్గరగా, అందంగా కనిపించింది. సీసా భుజం దగ్గరే ఫొటో కత్తిరించేశారు. చూడాల్సింది సరిగ్గా ఆ భుజం పైభాగమే. సీసా చేతికొచ్చాక దీపం ముందు పెట్టి చూస్తే వైన్ మట్టం భుజం సగానికంటే కిందకి దిగిపోయి ఉంది. మూతి మీది రేకును వేళ్ళతో తిప్పితే కదలలేదు. కోసి తీస్తే లోపల నల్లగా, బెల్లం పాకంలా గట్టిపడిన బంక. అంటే వైన్ ఏళ్ళ తరబడి కార్క్ పక్కనుంచి కారింది, కారిన దారినే గాలి లోపలికి పోయింది. కార్క్ కుంచించుకుపోయి వేలితో నొక్కితే లోపలికి జారుతోంది. గ్లాసులో పోస్తే ఇటుక ఎరుపు కాదు, చిక్కటి టీ డికాషన్ రంగు. వాసన వెనిగర్‌ది, కోసి వదిలేసిన యాపిల్‌ది.

బోర్డో సీసాలో మట్టాన్ని ఇలా చదవాలి. యాభై ఏళ్ళు దాటిన సీసాలో మట్టం మెడ అడుగున గానీ భుజం పైఅంచున గానీ ఉంటే మంచి సూచనే. భుజం మధ్యకి దిగితే జూదం, అందుకు తగ్గట్టు ధర బాగా తగ్గాలి. భుజం కిందికి దిగితే తాగడానికి కొనకండి. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బర్గండీ సీసాకి అలాంటి నిటారు భుజం ఉండదు కాబట్టి కార్క్ అడుగు నుంచి వైన్ దాకా ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో అడగాలి. దీనికి తిరగేసిన అనుమానం కూడా ఉంది. డెబ్భై ఏళ్ళ సీసాలో మట్టం మెడ నిండా ఉండి, కార్క్ మార్చిన కాగితం లేకపోతే అదీ నమ్మదగ్గది కాదు.

ఇప్పుడు స్కాచ్. దీన్ని పట్టుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు, లేబుల్ చదివితే చాలు. బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టిన 1960ల సీసా మీద పరిమాణం "26⅔ ఫ్లూయిడ్ ఔన్సులు" అని, ఘాటు "70 డిగ్రీల ప్రూఫ్" అని సాధారణంగా ఉంటుంది. ఆ బ్రిటిష్ 70 ప్రూఫ్ అంటే ఇప్పటి లెక్కలో 40 శాతం ఆల్కహాల్. మాకు వచ్చిన సీసా మీద "75 సీఎల్ (సెంటీలీటర్లు), 40 శాతం" అని ఉంది. అది 1980ల లేబుల్. 70 సీఎల్ అని ఉంటే ఇంకా తర్వాతది, 1990ల నుంచి వచ్చిన కొలత. అమెరికా సీసా అయితే వెనక లేబుల్ మీద గర్భిణులకు, డ్రైవింగ్‌కు సంబంధించిన ప్రభుత్వ హెచ్చరిక చూడండి. అది 1989 నవంబరులో తప్పనిసరైంది, కాబట్టి అది అచ్చయి ఉన్న లేబుల్ 1960లది కాలేదు.

చాలామంది పప్పులో కాలేసే మరో చోటు ఉంది. విస్కీ సీసాలో ముదరదు. పన్నెండేళ్ళు పీపాలో ఉన్న విస్కీని 1975లో సీసాలో పోస్తే అది ఈరోజుకీ పన్నెండేళ్ళ విస్కీయే. "అరవై ఏళ్ళ విస్కీ" అని ఎవరైనా అమ్మితే, పీపాలో ఎన్నేళ్ళు, సీసాలో ఎన్నేళ్ళు అని విడివిడిగా అడగండి.

పెద్దవాళ్ళు కూడా మోసపోయారు. 2017లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్‌లో 1878 నాటి మకాలన్ (పేరున్న స్కాచ్ మాల్ట్ విస్కీ) అన్న సీసా నుంచి రెండు సెంటీలీటర్ల గ్లాసుకి ఒక అతిథి 9,999 స్విస్ ఫ్రాంకులు ఇచ్చాడు. పరీక్ష చేయిస్తే అది 1970ల మొదట్లో తయారై ఉండొచ్చని, మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీతో పాటు వేరే ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీ కలిసిన బ్లెండ్ అని తేలింది. హోటల్ డబ్బు తిరిగి ఇచ్చింది. ఇలా ఎలా తేలుతుందంటే, 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అమాంతం పెరిగింది. ఆ గాలి పీల్చి పండిన బార్లీలో ఆ గుర్తు ఉండిపోతుంది. 19వ శతాబ్దపు విస్కీలో అది ఉండే ప్రసక్తే లేదు.

వైన్‌లో ఇంతకంటే సులువైన పరీక్ష ఉంది, చరిత్ర తెలిసి ఉండడం. 2008లో న్యూయార్క్ వేలంలో బర్గండీకి చెందిన పోన్సో డొమైన్ (వైన్ తయారుచేసే ఎస్టేట్) వారి క్లో సాన్ దెనీ అనే వైన్ సీసాలు పెట్టారు, 1945 నుంచి 1971 దాకా ఏడాదులు వేసి. ఆ డొమైన్ ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో. యజమాని లోరాన్ పోన్సో స్వయంగా వచ్చి ఆపించాడు. ఆ సీసాలు వేలానికి ఇచ్చిన నకిలీ వైన్ల వ్యాపారి రూడీ కుర్నియావాన్‌కి 2014లో పదేళ్ళ జైలు శిక్ష పడింది. కొనబోయే సీసా మీది పేరు, ఏడాది, ఆకారం మూడూ కలిసి ఎప్పుడైనా ఉన్నాయా అని ముందు వెతకండి.

ఏడాది మంచిదా కాదా అన్నది కూడా చూడాలి. నాన్నగారు 1963లోనో 1965లోనో పుడితే ఆ ఏడాదుల బోర్డో కొనకండి. రెండూ చెడ్డ పంటలు, అప్పుడే బాగాలేనిది ఇప్పుడేం బాగుంటుంది? కానీ అదే 1963 వింటేజ్ పోర్ట్‌కి (పోర్చుగల్ తియ్యటి, ఘాటైన వైన్) గొప్ప ఏడాది. 1966 అయితే బోర్డో, పోర్ట్ రెండూ చూడొచ్చు.

డబ్బు కట్టే ముందు ఈ ఫొటోలు అడిగి తీరండి: సీసా వెనక లైటు పెట్టి తీసిన మట్టం, రేకు పైనుంచి, పక్కనుంచి, సీసా అడుగు, లేబుల్ అంచులు. 1950లకి ముందు కాగితమైతే అతినీలలోహిత టార్చి కింద నీలంగా మెరవకూడదు, ఆ మెరిసే రసాయనాలు కాగితంలోకి తర్వాతే వచ్చాయి. మొదట కొన్నప్పటి రసీదు ఉందా, సీసా ఎక్కడ, ఎంత చల్లదనంలో ఉందో అడగండి. "ఒక కలెక్టర్‌ది" అన్న మాట జవాబు కాదు. క్రెడిట్ కార్డుతోనే కట్టండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. తేడా అనిపిస్తే కార్క్, రేకు, మిగిలిన వైన్ ఏదీ పారేయకండి. ఎండాకాలంలో మాత్రం పంపించుకోకండి. వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ని పైకి నెడుతుంది, అక్కడినుంచి కారుతుంది.

అసలు సీసా దొరికినా దాన్ని పాడుచేసేది చాలాసార్లు మన చేతులే. ఇండియాకి తెచ్చుకుంటే డ్యూటీ లేకుండా రెండు లీటర్లే తేవొచ్చు, అది గుర్తుంచుకోండి. ప్రయాణంలో మడ్డి అంతా లేచిపోతుంది కాబట్టి కనీసం రెండు వారాలు కదపకుండా ఉంచండి, తాగే ముందు రెండు మూడు రోజులు నిలబెట్టండి. "గది ఉష్ణోగ్రతలో ఇవ్వండి" అన్న మాట చల్లటి యూరప్ ఇళ్ళది, హైదరాబాద్ గదిది కాదు. 16 డిగ్రీల దగ్గరికి రావాలంటే సీసాని నిలబెట్టే ఫ్రిజ్‌లో గంటా గంటన్నర ఉంచాలి.

తీసేటప్పుడు రేకును మెడ ఉబ్బు కిందనుంచి పూర్తిగా కోసేయండి. 1990ల దాకా రేకుల్లో సీసం వాడేవారు, అందుకే మూతి అంచును తడిగుడ్డతో బాగా తుడవాలి. మామూలు స్క్రూ గుచ్చితే పాత కార్క్ పొడైపోతుంది. రెండు సన్నటి ఇనుప పలకలుండే "ఆ-సో" అనే కార్క్ తీసే పనిముట్టు వాడండి: పొడుగు పలక ముందు కార్క్‌కీ గాజుకీ మధ్య దించి, రెండోది దించి, అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ పూర్తిగా దిగాక తిప్పుతూ లాగాలి. కార్క్ వదులుగా ఉంటే మాత్రం ఆ-సో దాన్ని లోపలికి తోసేస్తుంది. అప్పుడు స్క్రూ, పలకలు రెండూ కలిసిన "డ్యూరాండ్" లాంటి పనిముట్టే దిక్కు.

మెడ కింద టార్చి పెట్టి, ఆపకుండా ఒక్క ధారగా తేర్చండి. మధ్యలో ఆపి సీసా నిలబెడితే మడ్డి అలలా వెనక్కి పోయి తేటంతా కలుస్తుంది. మెడలోకి మడ్డి గీత రాగానే ఆపేయండి, అడుగున మూడు నాలుగు సెంటీమీటర్లు వదులుకోవాల్సిందే. గంటల ముందు తేర్చి పెట్టకండి. యాభై ఏళ్ళ వైన్ గాలి తగిలాక ఎంతసేపు నిలబడుతుందో ముందే చెప్పలేం, అతిథులు కూర్చున్నాకే పోయండి.

విస్కీ, బ్రాందీ సీసాలు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే ఆ ఘాటు కార్క్‌ని తినేస్తుంది. తీయగానే కార్క్ విరగొచ్చు, కొత్త కార్క్ ఒకటి దగ్గర పెట్టుకోండి. మిగిలినది సీసం గాజు డికాంటర్‌లో (మందు పోసి పెట్టుకునే గాజు కూజా) నిల్వ ఉంచకండి, సీసం మెల్లగా మందులోకి దిగుతుంది.

ఖాళీ సీసాలు పాత సామాన్లవాడికి వేయకండి. నకిలీ చేసేవాళ్ళకి అసలు సీసా, అసలు లేబుల్ దొరికితే సగం పని అయిపోయినట్టే. లేబుల్ మీద చెరగని ఇంకుతో అడ్డంగా గీసి, కార్క్‌ని రెండు ముక్కలు చేశాకే చెత్తలో వేయండి.