రెండేళ్లు వాడాక: ప్రాక్టీస్ ట్రీ డబ్బా

కూకట్‌పల్లిలో మా హాల్లో టీవీ పక్కన ఒక నల్ల డబ్బా ఉంటుంది. ఇంట్లో సిగ్నల్ లైటెందుకని చుట్టాలు అడుగుతుంటారు. రెండు బండ్లు తిన్నగా దూసుకెళ్లే డ్రాగ్ రేసుల్లో, స్టార్ట్ లైన్ దగ్గరుండే లైట్ల స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. దానికి అది చిన్న నకలు. రెండేళ్లుగా దీంతోనే నా సాధన.

మొదటి ఆర్నెల్లూ నా పొరపాటుతోనే పోయాయి. పచ్చ లైటు పడ్డాక బటన్ వదిలేవాణ్ని. పచ్చ పడ్డాక కదలడానికి పట్టిన సమయం, అంటే రియాక్షన్ టైమ్, డబ్బా 0.21 సెకన్లని చూపిస్తే మురిసిపోయేవాణ్ని. తీరా ట్రాక్ మీదికెళ్తే 0.53! పక్క లేన్ బండి కంటే నా ఈటీ (ట్రాక్ దాటడానికి పట్టే సమయం) తక్కువే, అయినా ఓడిపోయాను. ఈటీ గడియారం మొదలయ్యేది చక్రం స్టార్ట్ లైన్ దగ్గరి కాంతి కిరణాన్ని, అంటే స్టేజ్ బీమ్‌ను, దాటాకే కదా. క్లచ్ వదిలాక బండి ఆ బీమ్ దాటడానికి పట్టే సమయమే రోలౌట్. నా డబ్బాలో అది సున్నా మీదే ఉండిపోయింది. 0.32కి మార్చాక అసలు సంగతి అర్థమైంది: ఫుల్ ట్రీలో పసుపు లైట్లు అర సెకను తేడాతో పడతాయి, కాబట్టి మూడో పసుపు వెలగగానే వదలాలి. పచ్చ కోసం చూస్తే ఆలస్యమైనట్టే. ఇప్పుడు ఇంట్లో 0.02 నుంచి 0.06 మధ్య వస్తుంది, ట్రాక్ మీద టెన్షన్‌తో 0.09. సున్నా కంటే ముందు, అంటే పచ్చ పడకముందే, కదిలితే రెడ్ లైటు, అదీ అప్పుడప్పుడు పడుతూనే ఉంది.

బటన్ స్ప్రింగ్ ఏడాదికే సడలిపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో మైక్రోస్విచ్ కొని, పాత క్లచ్ లివర్‌కు బిగించి డబ్బాకు కలిపాను. అసలు కంపెనీవాళ్లే ఇలా ఇవ్వాల్సింది. బొటనవేలి అలవాటు బండి మీద ఎందుకు పనికొస్తుంది?

ప్రో ట్రీ మోడ్ మాత్రం దండగ. అందులో మూడు పసుపులూ ఒకేసారి వెలిగి, 0.4 సెకన్లకు పచ్చ పడుతుంది. స్టేజ్ అయ్యాక, అంటే బండి లైన్ మీద సిద్ధంగా నిలిచాక, ఆ పసుపులు ఎప్పుడు పడతాయో ముందే తెలియకూడదు. ఈ డబ్బాలో ఆ విరామం ఎప్పుడూ ఒకటే. వారంలో అలవాటైపోతుంది, కళ్లు మూసుకునైనా కొట్టొచ్చు. ఆ అంకెలు నేను రాసుకోవడం కూడా మానేశాను.

రోజుకు పదిహేను సార్లు చాలు. ఇరవై దాటితే నాకైతే అంకెలు పెరుగుతూ పోతాయి, చిరాకు వేరే. ఫుల్ ట్రీ కోసమైతే మళ్లీ ఇదే కొంటాను, లివర్‌కు ఇంకో మూడొందలు పక్కన పెట్టుకుని.