చవక ఆవిరి ఇంజను: మార్చినవి, ముట్టుకోనివి

నిజంగా ఆవిరితోనే నడిచే రైలింజను నమూనాల్లో బాగా చవక రకం ఒకటి కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నాలుగు చక్రాలు, ఇత్తడి బాయిలరు, రెండు పక్కలా ఊగే సిలిండర్లు, 32 మిల్లీమీటర్ల గేజు (అంటే పట్టాల మధ్య దూరం). పెట్టెలోంచి తీసింది తీసినట్టే నడిపితే దీనికి రెండే వేగాలు: నిలబడటం, పారిపోవడం.

కారణం నిర్మాణంలోనే ఉంది. ఖరీదైన ఇంజన్లలో సిలిండరు కదలదు, ఆవిరిని వదిలే పని వేరే వాల్వుది. ఇందులో సిలిండరే అటూ ఇటూ ఊగుతూ తన రంధ్రాన్ని ఒకసారి ఆవిరి వచ్చే దారికి, మరోసారి పోయే దారికి ఎదురుగా తెచ్చుకుంటుంది. దాన్ని ఆనించి పట్టుకునేది ఒక చిన్న స్ప్రింగు. ఆ రెండు ముఖాల మధ్య వెంట్రుకవాసి సందున్నా సగం ఆవిరి అక్కడే బుసబుసమంటూ పోతుంది. గాజు పలక మీద సన్నటి ఉప్పుకాగితం పరిచి, నాలుగు చుక్కల నూనె వేసి సిలిండరు ముఖాన్ని రుద్దాను. అంచులు మసకబారాయి గానీ మధ్యలో పాత మెరుపు చెక్కుచెదరలేదు; అంటే అక్కడ పల్లం ఉందన్నమాట. ఆ మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాక ఇంజను స్వభావమే మారిపోయింది. ఖర్చు దాదాపు శూన్యం.

డబ్బు పెట్టాల్సింది సిలిండర్లకు నూనె అందించే లూబ్రికేటరు మీద. 1860లో ఇంగ్లండ్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ పెద్ద ఇంజన్ల కోసం రూపొందించిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. నూనె డబ్బాలోకి చేరిన ఆవిరి చల్లబడి నీరై అడుగుకు దిగుతుంది, పైకి తేలిన నూనె కొద్దికొద్దిగా ఆవిరి గొట్టంలోకి పోతుంది. ఆవిరి ఇంజన్ల కోసం చేసిన చిక్కటి నూనే వాడాలి. మామూలు మెషీను నూనెను తడి ఆవిరి ఇట్టే కడిగేస్తుంది. నడిపిన ప్రతిసారీ డబ్బా అడుగున చేరిన నీటిని తీసేయాలి, ఇది బద్ధకస్తుల పని కాదు.

బాయిలరు కింద మంటకు బిళ్లల రూపంలో దొరికే ఘన ఇంధనం నాకు నచ్చలేదు. మొదట్లో భగ్గుమంటుంది, తర్వాత నీరసిస్తుంది, పైగా వాసన. వత్తుల స్పిరిట్ బర్నరు పెట్టాక మంట నిలకడగా ఉంది. వత్తిని మరీ బిగించి కూరితే స్పిరిట్ పైకి ఎక్కదు, కాస్త వదులుగా ఉంచాలి. ఎండలో స్పిరిట్ మంట కంటికి కనబడదు. ఆరిందనుకుని మళ్లీ పోయబోతే చేతులు కాలతాయి. బర్నరు పూర్తిగా చల్లారనివ్వండి.

పీడనం మితిమీరితే ఆవిరిని బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వును మాత్రం ముట్టుకోలేదు. స్ప్రింగు బిగిస్తే బలం పెరుగుతుందని చాలామందికి ఆశ. వాతావరణ పీడనానికి పైన 1 బార్ ఉన్న ఆవిరి దాదాపు 120 డిగ్రీలు, 3 బార్ అయితే 144 వరకు వేడెక్కుతుంది. నా బాయిలరు అతుకులు మామూలు తగరం, సీసం టంకానివి. అది 183 దగ్గర కరగడం మొదలవుతుంది, దాని పట్టు అంతకు చాలా ముందే సడలుతుంది. ఎక్కువ పీడనం కావాలంటే వెండి టంకంతో చేసి, పరీక్షించిన బాయిలరు కొనాల్సిందే.

నిజానికి వేగం తగ్గించడానికి బలం కాదు, బరువు కావాలి. వెనక నాలుగు బరువైన వ్యాగన్లు తగిలిస్తే ఇంజను బుద్ధిగా నడుస్తుంది. బయల్దేరేటప్పుడు చల్లటి సిలిండర్లలో ఆవిరి నీరైపోతుంది కాబట్టి చేత్తో నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ నెట్టాలి. అప్పుడు పొగగొట్టంలోంచి నూనె కలిసిన వేడినీళ్లు చిమ్ముతాయి, ముఖం దగ్గరగా పెట్టకండి.

ఇప్పటికీ విసిగించేది ఒక్కటే: బాయిలరులో నీళ్లెంతున్నాయో చూసే గాజు గొట్టం లేదు. మంట ఉండగా నీళ్లయిపోతే టంకం కరిగి బాయిలరు పాడవుతుంది. అందుకే స్పిరిట్‌ను సిరంజితో కొలిచి, నీళ్లకంటే ముందే మంట ఆరేలా పోస్తాను. చల్లారాక మిగిలిన నీళ్లు ఒంపి కొలిస్తే, తర్వాతిసారి ఇంకెన్ని చుక్కలు పెంచవచ్చో లెక్క దొరుకుతుంది.