లండన్ గెజెట్ వెబ్‌సైట్: బ్రిటిష్ ఆర్మీ అధికారుల సర్వీసు వెతికేవారికి ఎంత పనికొస్తుంది?

1900 నుంచి 1920ల వరకు పనిచేసిన బ్రిటిష్ ఆర్మీ అధికారి సర్వీసును తేదీలతో సహా కూర్చుకోవాలంటే ముందుగా తెరవాల్సింది బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ సైటే. వెతకడమూ, పేజీ పీడీఎఫ్ దించుకోవడమూ ఉచితం. కమిషన్ (అధికారిగా నియామకం), ప్రమోషన్, శౌర్య పురస్కారం, రిటైర్మెంట్ అన్నీ ఇందులో అచ్చయ్యేవి.

సెర్చ్ మాత్రం విసిగిస్తుంది. పాత అచ్చును కంప్యూటర్ చదివిన పాఠం మీద నడుస్తుంది కాబట్టి చిన్న అక్షరాల దగ్గర తప్పులెక్కువ. జాబితాల్లో సాధారణంగా ఇంటిపేరు, పొడి అక్షరాలే ఉంటాయి; పూర్తి పేరు కొడితే ఏమీ రాకపోవచ్చు. ఇంటిపేరు ఒక్కటే ఇచ్చి తేదీల పరిధిని ఏడాదికి కుదించండి. అప్పటికీ రాకపోతే రెజిమెంట్ పేరుతో వెతికి పేజీని కళ్లతో చదవడమే. పేరు దొరికాక దాని ముందు పేజీ కూడా దించుకోండి, రెజిమెంట్ శీర్షిక అక్కడే ఉండిపోవచ్చు. గెజెట్ వెలువడిన తేదీ వేరు, ఉత్తర్వు అమలైన తేదీ వేరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ రెండిటికీ నెలల తేడా ఉండేది. రాసుకోవాల్సింది అమలు తేదీ.

అసలు చిక్కంతా ర్యాంకుల దగ్గరే. ఉదాహరణకు, తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన బెర్నార్డ్ మాంట్‌గోమరీ 1908లో రాయల్ వారిక్‌షైర్ రెజిమెంట్‌లో సెకండ్ లెఫ్టినెంట్. 1914లో మెటెరెన్ దగ్గర తీవ్రంగా గాయపడ్డాడు, డి.ఎస్.ఓ. (అధికారులకిచ్చే శౌర్య పురస్కారం) వచ్చింది. 1918లో బ్రెవెట్ మేజర్, అంటే గౌరవంగా ఇచ్చిన పై ర్యాంకు. యుద్ధం ముగిసేనాటికి 47వ డివిజన్ స్టాఫ్‌లో తాత్కాలిక లెఫ్టినెంట్ కల్నల్. రెజిమెంట్‌లో ఖాయమైన ర్యాంకు మాత్రం అప్పటికీ కెప్టెనే, మేజర్ అయింది 1925లో. గెజెట్ ముక్కలే చదివినవారికి ఇతణ్ని మధ్యలో కిందికి దించారనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు: తాత్కాలిక ర్యాంకు పోస్టుతోపాటే పోతుంది. బ్రెవెట్ మనిషికి మిగులుతుంది, సైన్యం మొత్తంలో సీనియారిటీ ఇస్తుంది కానీ రెజిమెంట్‌లో ఖాళీని సృష్టించదు.

అందుకే గెజెట్‌ను ఒంటరిగా నమ్మకూడదు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ ఉచితంగా పెట్టిన ఆర్మీ లిస్టులను (అధికారుల అచ్చు జాబితాలను) పక్కన ఉంచుకోండి. మూడు నెలలకోసారి వచ్చిన సంపుటాల్లో పుట్టిన తేదీ, ర్యాంకుల తేదీలు వరుసగా దొరుకుతాయి.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పనిచేసిన అధికారుల కోసం వెతికే మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ రెజిమెంట్ అధికారి ఇండియాలో ఉన్నా అతని ప్రమోషన్ వార్ ఆఫీస్ (బ్రిటిష్ సైన్యం చూసే శాఖ) శీర్షిక కిందే వస్తుంది. ఇండియన్ ఆర్మీ అధికారులది ఇండియా ఆఫీస్ (ఇండియా వ్యవహారాలు చూసే లండన్ శాఖ) శీర్షిక. వాళ్ల సర్వీసు ఫైళ్ల కోసం బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాలి.

ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ దాడిలో పాల్గొన్నాడు అన్నవి గెజెట్‌లో అరుదు. వాటికి లండన్‌లో క్యూ (Kew) అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 95 వరుసలోని యుద్ధ డైరీలు, డబ్ల్యూఓ 339, 374 ఫైళ్లు చూడాలి. అధికారుల ప్రధాన సర్వీసు ఫైళ్లు 1940 బాంబు దాడిలో కాలిపోయాయి. 339, 374లలో ఉన్నవి మిగిలిన ఉత్తరప్రత్యుత్తరాల ఫైళ్లు. 1922 తర్వాత కూడా సర్వీసులో కొనసాగినవారి ఫైళ్లు సాధారణంగా ఈ వరుసల్లో దొరకవు.