డెడలస్ 3: హద్దు నియమాలను సమీకరణంలోనే రాయించే స్పెక్ట్రల్ సాల్వర్

అవకలన సమీకరణాలను స్పెక్ట్రల్ పద్ధతిలో, అంటే పరిష్కారాన్ని తెలిసిన ప్రమేయాల మొత్తంగా రాసుకొని సాధించే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా నేను ముందు హద్దుల దగ్గర పరీక్షిస్తాను, ఎందుకంటే లోపలి భాగంలో దాదాపు అన్నీ బాగానే పనిచేస్తాయి. పైథాన్‌లో ఉచితంగా దొరికే డెడలస్ మూడో వెర్షన్ ఈ పరీక్షలో నాకు ఎంతో నచ్చింది, అది అడిగే శ్రమతో సహా.

పరిష్కారాన్ని చెబిషెవ్ బహుపదుల మొత్తంగా రాసుకొని ఒక్కో ఘాతానికి ఒక్కో సమీకరణం తీసుకుంటే, తెలియని గుణకాలు ఎన్నో సమీకరణాలూ అన్నే ఉంటాయి. రెండు చివర్లా విలువలు విధించగానే సమీకరణాలు రెండు ఎక్కువవుతాయి. 1938లో గణిత శాస్త్రవేత్త లాంజోస్ ప్రతిపాదించిన టావ్ పద్ధతి అసలు సమీకరణాన్నే అత్యున్నత ఘాతాల వద్ద కొద్దిగా సవరించి, ఆ సవరణలను కూడా టావ్ పదాలనే తెలియని రాశులుగా చేర్చుకుంటుంది. రెండో వెర్షన్ సమీకరణాలను ఒకటో ఆర్డరుకు (మొదటి అవకలజాలే ఉండే రూపానికి) తగ్గించి రాయమని అడిగి, ఈ సవరణను తానే లోలోపల చేసుకునేది. మూడో వెర్షన్‌లో టావ్ పదాలను లిఫ్ట్ అనే ఆపరేటర్‌తో మనమే రాయాలి. కొత్తవారికి ఇది కష్టమే, కానీ కంప్యూటర్ నిజంగా ఏ సమీకరణాన్ని సాధిస్తోందో అక్షరాలా కళ్ల ముందు ఉంటుంది.

ఈ పారదర్శకత విలువ ఫోర్సింగ్ పదం, అంటే సమీకరణానికి కుడివైపు మనమిచ్చే ప్రమేయం, దగ్గర తెలుస్తుంది. సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న అంతరంలో, రెండు చివర్లా వాలు సున్నా అని విధించి, రెండో అవకలజం ఒక ఫోర్సింగ్‌కు సమానమని రాద్దాం. ఆ ఫోర్సింగ్ సమాకలని సున్నా కాకపోతే ఈ సమస్యకు పరిష్కారమే లేదు. అయితే పరిష్కారం సగటు సున్నా అనే నియమాన్నీ, దానికి జతగా ఒక స్థిర టావ్ పదాన్నీ చేర్చితే, సాల్వర్ ఏ ఫోర్సింగ్‌నైనా మారు మాట్లాడకుండా స్వీకరిస్తుంది. 1 + cos(πx) ఇచ్చామంటే, ఆ 1ని స్థిర పదం మింగేసి, ఒట్టి కొసైన్‌కు చెందిన జవాబు వస్తుంది. పటం చూసి ఈ తేడాను పట్టుకోలేం. స్థిర పదం విలువను ముద్రించి చూస్తే మాత్రం వెంటనే బయటపడుతుంది. సంపీడనం లేని ప్రవాహాల్లో గోడల గుండా నికర ప్రవాహం సున్నా కానప్పుడు కూడా ఇదే జరుగుతుంది కాబట్టి, అక్కడా ఆ విలువను తప్పక చూడాలి.

ఫోర్సింగ్‌ను గ్రిడ్ బిందువుల వద్ద విలువలుగానైనా గుణకాలుగానైనా ఇవ్వవచ్చు. కాలంతో మారే హద్దు విలువలనూ సమీకరణంలోనే రాయవచ్చు. ఫోర్సింగ్ విలువ ఒక చోట హఠాత్తుగా ఎగిరితే మాత్రం ఘాతీయ వేగంతో తగ్గవలసిన దోషం నెమ్మదిస్తుంది. అది పద్ధతి స్వభావం, దానికి డెడలస్‌ను తప్పుపట్టలేం.

నా అసంతృప్తి దోష సందేశాల మీద. టావ్ పదం ఒకటి తక్కువైతే సమీకరణాల మాత్రిక చతురస్రంగా లేదని చెబుతుంది కానీ, ఏ సమీకరణంలో ఏది లోపించిందో చెప్పదు. పదాల సంఖ్య సరిపోయినా తప్పు చోట పెడితే మాత్రిక విలోమం లేనిదై కూర్చుంటుంది. ఒక్క చలరాశి సమస్యలే చేసేవారికి, మాట్‌ల్యాబ్ అందుబాటులో ఉంటే, ఎడమ, కుడి హద్దులను నేరుగా అడిగే చెబ్‌ఫన్ అనే సాఫ్ట్‌వేర్ సుఖంగా ఉంటుంది. గోళాల్లో ప్రవాహాలను అనేక ప్రాసెసర్ల మీద నడపవలసిన పరిశోధక విద్యార్థులకు మాత్రం నేను డెడలస్‌నే సూచిస్తాను.