వేపగుంట నుంచి జగదాంబ దాకా: 27 ఏళ్ళుగా 28 బస్సు ఎక్కుతున్న నా సమీక్ష

నా బస్సు ప్రపంచం చాలా చిన్నది. విశాఖ శివార్లలోని వేపగుంటలో ఎక్కుతాను, ఊరి నడిబొడ్డున జగదాంబలో దిగుతాను. 1998లో స్టూడెంట్ పాస్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంటున్నాను. మధ్యలో రెండేళ్ళు స్కూటీ నడిపాను. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర రెండు లారీల మధ్య ఇరుక్కున్న రోజు సాయంత్రమే దాన్ని మా తమ్ముడికి ఇచ్చేశాను. అంచేత విశాఖ సిటీ బస్సు గురించి చెప్పే హక్కు కొంచెం నాకూ ఉందనుకుంటున్నాను.

ముందే తేల్చేస్తాను. ఎక్కాక బస్సు బాగానే ఉంటుంది, ఎక్కేదాకానే బాధ. అయిదు మార్కులకి ప్రయాణానికి నాలుగు వేస్తాను, ఎదురుచూపులకి ఒకటిన్నర.

మా రూట్లో 28 నంబరు బస్సులే ఎక్కువ. 28కె అయితే కొత్తవలస నుంచి పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం, ఎన్‌ఏడీ, కంచరపాలెం, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ మీదుగా ఆర్కే బీచ్‌కి పోతుంది. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో కండక్టరు చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలుండేవి. చిల్లర లేకపోతే టికెట్ వెనక్కి తిప్పి, మనకి రావాల్సినది పెన్నుతో రాసి, చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేవాడు. దిగే హడావుడిలో అడగడం మర్చిపోయేదాన్ని. రాత్రి పుస్తకంలోంచి ఆ టికెట్ జారిపడితే మా అమ్మ చదివి, "ఇదేటే, రెండ్రూపాయలు బస్సుకి దానం చేసొచ్చావా?" అనేది. ఇప్పుడన్నీ మిషన్ టికెట్లు, కొన్ని బస్సుల్లో ఫోన్‌తోనూ కట్టొచ్చు. చిల్లర గొడవ తగ్గింది గానీ, చెమట చేత్తో పట్టుకుంటే సాయంత్రానికి ఆ కాగితం మీద ఒక్క అక్షరం మిగలదు. మారనివి రెండే: బస్సు ఆపాలంటే "హోల్డాన్", కదలాలంటే "రైట్ రైట్".

ఎన్‌ఏడీ జంక్షన్ గురించి కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పినా నమ్మరు. గాజువాక వైపు నుంచి వచ్చేవీ, పెందుర్తి నుంచి వచ్చేవీ, హైవే లారీలూ అన్నీ అక్కడే తగులుకునేవి. బస్సు ఆగిపోతే మాలాంటి పాతవాళ్ళు లెక్కలేసుకునేవాళ్ళు. ఇక్కడ దిగి, నడిచి జంక్షన్ దాటి, ముందున్న బస్సు ఎక్కితే పది నిమిషాలు కలిసొస్తుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లారీల మధ్యలోంచి నడిచిన రోజులు ఎన్నో. ఫ్లైఓవర్ వచ్చాక ఆ బాధ చాలావరకు పోయింది.

బీఆర్‌టీఎస్, అంటే బస్సులకి ప్రత్యేకంగా దారి కట్టే పథకం, సంగతికొస్తే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద మన ఊరికి అలాంటి రెండు కారిడార్లు వచ్చాయి. పెందుర్తి వైపు సుమారు 20 కిలోమీటర్లు, సింహాచలం వైపు సుమారు 18. రెండోది అడవివరం దగ్గర భూముల చిక్కుల్లో పడి ఏళ్ళ తరబడి నానింది. మా వైపు రోడ్డు మాత్రం నిజంగానే వెడల్పయింది. మధ్య లేన్లు బస్సులకి, అటూ ఇటూ మిగతా బళ్ళకి అన్నారు. తీరా చూస్తే మధ్య లేన్లో కార్లూ బైకులూ రయ్యిమని పోయేవి, మా 28 మాత్రం పక్కన ఆటోల వెనకాల పాక్కుంటూ వచ్చేది. డ్రైవర్ని ఏమనగలం? బస్సు మధ్యలో ఆగితే జనం రోడ్డు దాటి వెళ్ళి ఎక్కాలి. జనం ఎప్పట్లాగే రోడ్డు పక్కన కిళ్ళీ కొట్టు నీడన నిలబడతారు. జనం ఎక్కడుంటే బస్సు అక్కడే ఆగుతుంది. అయినా, ఊరు పెరిగినంతగా బస్సులు పెంచకుండా బస్సులకి దారి కట్టడమంటే, పాడి లేని ఇంటికి కవ్వం కొనుక్కొచ్చినట్టే.

ఆ ఖాళీలో దూరినవే సర్వీసు ఆటోలు. చెయ్యెత్తితే ఆగుతాయి, అందుకే వాటికి గిరాకీ. డ్రైవరుకి అటొకరు, ఇటొకరు, వెనక చెప్పక్కర్లేదు. ఒక వానాకాలం రాత్రి ఆటోలో నేనొక్కదాన్నే మిగిలానని గోపాలపట్నంలో దింపేసి, "ఎనకాల ఆటో వస్తాది, ఎక్కేయండమ్మా" అని వెనక్కి తిప్పుకుపోయాడొకడు. ఆ ఎనకాల ఆటో ముప్పావుగంటకి వచ్చింది. సిటీ బస్సు ఇన్నేళ్ళలో నన్ను అలా నడిరోడ్డు మీద దింపింది లేదు. 2020 మార్చిలో ఆగిన సిటీ బస్సులు మళ్ళీ సెప్టెంబరులో గానీ రోడ్డెక్కలేదు. ఆ నెలల్లో ఆటోలకి ఎంత పోశానో లెక్క రాసుకుని చూసుకుంటే ఏడుపొచ్చింది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక బస్సు లోపలి లోకమే మారిపోయింది. సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. పొద్దున్న నేనెక్కే బస్సులో ఆకుకూరల గంపతో పూర్ణా మార్కెట్‌కి వెళ్ళే మామ్మ ఒకావిడ ఉంటుంది. కండక్టరు అడక్కముందే రొంటిన దోపిన ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ తీసి చాచి పట్టుకుంటుంది. మొదటి వారంలో, "డబ్బుల్లేనప్పుడు ఈ కాయితం నాకెందుకు బాబూ?" అని టికెట్ తిరిగిచ్చేయబోయింది. "సున్నా అని ఉన్నా టికెట్టేనమ్మా, పారెయ్యకు, చెకింగోళ్ళొస్తే చూపించాలి" అన్నాడతను. అప్పట్నుంచీ ఆధార్ కవర్లోనే ఆ టికెట్లన్నీ మడతపెట్టి దాస్తోంది.

నా పాస్ డబ్బులు మిగిలాయి, సంతోషమే. కానీ ఎక్కే జనం పెరిగారు. "స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం" అని రాసున్న సీట్ల దగ్గర ఇప్పుడు మేమే మేమే తోసుకుంటున్నాం. మగవాళ్ళు వెనక డోరు దగ్గర వేలాడుతూ చూస్తుంటారు.

కొత్తవాళ్ళకి ఒక చిట్కా. సాయంత్రం ఆరు దాటాక జగదాంబలో 28 ఎక్కాలని చూడకండి, కాలు పెట్టే చోటుండదు. ఎదురు రోడ్డులో బీచ్‌కి వెళ్ళే బస్సెక్కి, ఆర్కే బీచ్‌లో అది ఖాళీ అయ్యాక కిటికీ పక్కన కూర్చుని వెనక్కి రండి. ఇంటికి కాస్త ఆలస్యమవుతుంది, నడుము మాత్రం మిగులుతుంది.

సరదాకైతే 900కె. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి పోతుంది. వెళ్ళేటప్పుడు డ్రైవరు వెనక వైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. చుట్టాలొస్తే నేను ఇదే ఎక్కిస్తాను. తొట్లకొండ దాకా తిరిగే ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ కూడా ఉంది గానీ, అది చూడ్డానికొచ్చినవాళ్ళ బండి, ఆఫీసుకి పోయేవాళ్ళది కాదు.

మెట్రో రైలు మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. ఇప్పుడు మొదటి దశలో 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు అంటున్నారు. స్టీల్‌ప్లాంట్ నుంచి ఎన్‌ఏడీ మీదుగా కొమ్మాది దాకా పెద్ద లైను, ఊళ్ళో రెండు చిన్నవి. మా పెందుర్తి వైపు ఒక్క స్తంభమూ రాదు. అంటే మెట్రో వచ్చినా, ఎన్‌ఏడీ దాకా నాకు 28 తప్పదు.

బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోమని మా అమ్మాయి యాప్ ఒకటి పెట్టిచ్చింది. చూస్తుంటాను. చూసి, స్టాపులో పూలమ్మే ఆమెని కూడా అడుగుతాను, 28 వెళ్ళిందా అని. నిన్నా అడిగాను.

"ఇప్పుడే ఎల్లిపోనాదమ్మా," అంది దారం కొరుకుతూ, "కూకో, ఎనకాల ఇంకోటి వస్తాది."