మూడేళ్ల కార్డులు, ఒక్క ‘లైక్’ మీద నా పంచాయితీ

ఇంగ్లీష్ అలంకారాలు నేర్పే ఈ కార్డుల కట్ట 2022లో హన్మకొండ చౌరస్తాల కొన్న. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చిన యేడు అది. పరకాల దిక్కు మా హైస్కూల్లో ఆరు, ఏడు తరగతుల ఇంగ్లీష్ నాదే. సిమిలీ (మన ఉపమ), మెటాఫర్ (మన రూపకం), పర్సానిఫికేషన్, అలిటరేషన్... కార్డుకొకటి. మొదటి నెల స్టాఫ్ రూంల అందరికీ చూపించి తెగ పొగిడిన. ఇప్పుడు అందులో సగం వాపస్ తీసుకుంటున్న.

నా కోపమంతా సిమిలీ కార్డు మీదనే. ‘లైక్ గానీ యాజ్ గానీ ఉంటే సిమిలీ’ అని పెద్దక్షరాలు, కింద సింహం బొమ్మ. పిల్లలు ఒక్క రోజుల పట్టేసిండ్రు, నేనూ మురిసిన. యూనిట్ టెస్టుల చిన్న పేరా ఇచ్చి సిమిలీ కింద గీత గీయమన్న. పేపర్లు దిద్దుతుంటే తల తిరిగింది. ‘ఐ లైక్ మ్యాంగోస్’ కింద గీత. ‘మై ఫాదర్ వర్క్స్ యాజ్ ఎ డ్రైవర్’ కింద గీత. అసలు సిమిలీ ఒక్కటుంటే గీతలు అయిదు. మరునాడు వెనక బెంచి పిల్ల లేచి, "సార్, ఐ లైక్ మ్యాంగోస్ అంటే నేను మామిడిపండు లెక్క ఉన్నననా?" అనడిగింది. క్లాసంతా నవ్వింది. పాపం, కార్డు చెప్పింది చెప్పినట్టే చేసిందామె.

పక్క గది తెలుగు మేడం కార్డు చూసి ఒక్క మాటన్నది: "ఉపమకు నాలుగు ఉండాలె కద సార్. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. మీ కార్డు వాచకం ఒక్కటే పట్టుకొని మిగతా మూడు ఇడిసిపెట్టింది." ఇన్నేండ్ల సర్వీసుల నాకు తట్టలేదు!

బోర్డు మీద ‘వాడు పులి లెక్క ఉరికిండు’ అని రాసిన. ఎవరిని పోల్చినం? వాడిని. దేనితోని? పులితోని. ఎందుల? ఉరుకుట్ల. మరి ‘వాడు లెక్క చేసిండు’ల కూడా లెక్క ఉంది, అది పోలికనా? "కాదు సార్!" అని అరిచిండ్రు. మామిడిపండు గీత ఎవరిది వాళ్లే కొట్టేసుకున్నరు. ‘లెక్క’ తీసేసి ‘వాడు పులి’ అంటే రూపకం. మెటాఫర్ కార్డు తీయకుండనే ఆ పాఠం కూడా అయిపోయింది.

చప్పుడునే మాటగ పలికే ఆనమటోపియా కార్డుకు మాత్రం నా ఓటు ఇప్పటికీ ఉంది. అందులోని కోడి ‘కాక్-ఎ-డూడుల్-డూ’ అంటది. "మన కోడి కొక్కొరోకో అంటది కద, ఇంగ్లీష్ కోడికి నోరు తిరగదా సార్?" అని మొదలైతే పీరియడ్ అయిపోయేదాక ఆగలేదు. లామినేషన్ సంగతంటరా, రెండో వానాకాలానికే మూలలు విచ్చుకున్నయి.

కొనాలా అంటే, మా పిల్లలు ఇంటికి పోతే ఇంగ్లీష్ ముక్క వినరు, వాళ్లకు నియమం ఎట్ల చెప్తే అట్లనే పోతరు. ఇంట్ల ఇంగ్లీష్ పుస్తకాలు చదివే పిల్లలకు ఈ తిప్పలు ఉండకపోవచ్చు. రివిజన్‌కు పనికొస్తయి, మొదటిసారి చెప్పడానికైతే నేను తీయను. సిమిలీ కార్డు వెనక ‘ఎవరిని, దేనితోని, ఎందుల’ అని మార్కర్‌తో రాసుకున్న. పిల్లల చేతులు తగిలి నెలకోసారి చెరిగిపోతది, మళ్లా రాస్త.