ఎదురుగా కూర్చోబెట్టి గీయాలా, ఫొటో చూసి గీయాలా?

విజయనగరంలో నా దగ్గరకొచ్చే పోర్ట్రెయిట్ ఆర్డర్లలో ఎక్కువ భాగం పోయినవాళ్లవే. చేతిలో పెట్టేది ఎప్పటిదో పాస్‌పోర్ట్ సైజు ఫొటో. అక్కడ ఎంచుకునేదేముంది, ఫొటోయే గతి.

బతికున్న మనిషైతే మాత్రం కూర్చోబెట్టడానికే నా ఓటు. ఈమధ్య కోట దగ్గర ఉండే ఒక తాతగారిని మూడు పూటలు కూర్చోబెట్టాను. సెల్‌లో తీసుకున్న ఫొటోలో మెడ కింద నీడ ఉత్త నలుపు. ఎదురుగా చూస్తే అదే నీడలో తెల్ల కండువా మీంచి పడే వెలుగు, చెవి అంచున ఎరుపు. పైగా దగ్గర్నుంచి ఫొటో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కష్టమల్లా టైమే. అరగంటకే "ఇంకెంతసేపు బాబూ?" అంటారు. గడ్డం వాలిపోతుంది, కిటికీ ఎండ చోటు మారిపోతుంది.

బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ మనిషిని ఎదుట కూర్చోబెట్టుకునే గీసేవాడు. ఎలిజబెత్ రాణిది జానెడు బొమ్మ, 2000లో మొదలై 2001 దాకా సాగింది. అమెరికాలో చక్ క్లోజ్ దారి వేరు. ఫొటో మీద గళ్లు గీసుకుని, ఒక్కో గడీ నింపుతూ 9 అడుగుల ముఖాలు వేశాడు. ఆయనకు ముఖాలు గుర్తుండని సమస్య ఉండేది. కదలని ఫొటో అయితేనే పట్టుబడేది. అందుకే ఫొటో అంటే బద్ధకం అనను.

పిల్లలకైతే ఫొటోయే, వాళ్లు కుదురుగా కూర్చుంటే కదా! పెద్దవాళ్లకు తొలి పూట ఎదుట కూర్చోబెట్టి ఒంటి రంగు పట్టుకుంటాను, చొక్కా గుండీలూ కుర్చీ చేతులూ ఫొటో చూసి లాగించేస్తాను.